జ్వరం వరకే అనుమతి

"ఈ బస్సు కాలవలో పడుతుందండి, మీరు చూస్తూ ఉండండి," అంది గవరమ్మ.

బస్సు ఇంకా రాలేదు. పాటిలంక సెంటర్లో టీకొట్టు నీడన, అన్నం కేరియరు గుండెలకు హత్తుకుని ఆవిడ నిలబడి ఉంది. పక్కనే శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ భీమశంకరం గారు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, పడదన్నారు. బస్సు పడకపోతే ఆ ట్రైనింగులోనైనా ఏదో ఒకటి జరుగుతుందని గవరమ్మ అంది. ఆ భయం ఆయనకూ ఉంది.

గవరమ్మ ఆ గ్రంథాలయంలో అటెండరు. ఏడో తరగతి దాకా చదివింది. కూతురు లోవకుమారి పట్నంలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. ఈ ఉద్యోగం ఉంటే ఆ చదువు ఉంటుంది, లేకపోతే లేదు. లోవ హాస్టలుకు వెళ్ళిన దగ్గర్నుంచీ గవరమ్మకు ఆ హాస్టలు ఫ్యాను ఊడి పడినట్టూ, నీళ్ళ ట్యాంకులో బల్లి పడినట్టూ, వార్డెను తాళం వేసుకుని పెళ్ళికి వెళ్ళిపోయినట్టూ మనసుకు తోస్తూనే ఉండేది. ఫోను చేసి తిన్నావా అని అడిగితే లోవ "ఊ" అనేది. ఆ "ఊ"లో జలుబు వినబడిందని గవరమ్మ మళ్ళీ చేసేది. ఆవిడ భయపడినవాటిలో ఇంతవరకు ఒక్కటీ జరగలేదు. అదే ఆవిడను మరీ భయపెట్టేది. జరగాల్సినవన్నీ ఎక్కడో పోగుపడుతున్నాయని ఆవిడ నమ్మకం.

లైబ్రరీకి వచ్చేవాళ్ళ విషయంలోనూ ఇంతే. ఎవరైనా రెండు రోజులు కనబడకపోతే పుస్తకాల బీరువా తుడుస్తూ తుడుస్తూ ఆగి, వాళ్ళకేమైందోనని పైకే అనుకునేది. ఒక్క నూకరాజు గారి విషయంలో మాత్రం ఆ అవసరం రాలేదు. లాంచీలు తిరిగిన రోజుల్లో ఆయన రేవులో లాంచీ నడిపే సరంగు. ఇప్పుడు లాంచీలూ లేవు, ఇంట్లో ఇంకో మనిషీ లేరు. రోజూ గవరమ్మకన్నా ముందే వచ్చి మెట్టు మీద కూర్చునేవారు. ఆవిడ బొడ్లోంచి తాళంచెవి తీసి, తలుపులు బార్లా తెరిచి, గుమ్మం ఊడుస్తుంటే అంతా చూస్తూనే ఉండి, చివరకు అడిగేవారు: "లైబ్రరీ తీశారా అమ్మాయ్?"

"తీశాను బాబాయ్ గారూ, రండి," అనేది గవరమ్మ.

అప్పుడు గాని ఆయన లేచేవారు కాదు. పడవ ఒడ్డుకు కట్టాక కూడా కట్టారా అని అడిగి, కట్టామని జవాబు వినబడ్డాకే జనాన్ని దింపిన మనిషి ఆయన. తరవాత పేపరు బల్ల దగ్గర కూర్చుని, అక్షరాల కింద వేలు పెట్టుకుని, సంతాపాలూ టెండర్లతో సహా మధ్యాహ్నం దాకా చదివేవారు.

ఇలా నడుస్తుండగా పై నుంచి ఉత్తర్వు వచ్చింది. గ్రంథాలయ సిబ్బంది అందరూ సామాజిక జాల సాధనాలు, అంటే ఫోనులో సోషల్ మీడియా, నేర్చుకోవాలి. ప్రతి శాఖా ఒక పేజీ తెరవాలి. ఆ పేజీకి ప్రజల నుంచి స్పందన రాని శాఖలను మార్చి నెలాఖరుకు పక్క శాఖలో విలీనం చేస్తారు. పాటిలంకకు పక్క శాఖ అంటే ఏటికి అవతల ఉంది. విలీనమైతే పుస్తకాలు బస్తాల్లో వెళతాయి, భీమశంకరం గారు బదిలీ మీద వెళతారు, అటెండరు పోస్టు ఎక్కడికీ వెళ్ళదు, రద్దవుతుంది. అదీ ఆ ఉదయం బస్సు కోసం నిలబడటానికి కారణం.

బస్సు కాలవలో పడలేదు.

జిల్లా కేంద్ర గ్రంథాలయం మేడమీద హాలు నిండా జనం. ట్రైనింగు ఇవ్వడానికి ఏదో కంపెనీ తరఫున రోహన్ అనే అబ్బాయి వచ్చాడు. మైకులో గుడ్ మార్నింగ్ అన్నాడు. ఎవరూ పలకలేదు. మైకు పనిచేయడం లేదనుకుని రెండుసార్లు తట్టి చూసుకున్నాడు. అక్కడున్నవాళ్ళంతా సర్వీసులో చేరిన నాటి నుంచీ హాలులో మాట్లాడకూడదన్న బోర్డు కింద కూర్చున్నవాళ్ళని పాపం అతనికి తెలియదు.

మొదటి పాఠం ఫ్రెండ్ రిక్వెస్టు. ఎవరో మనల్ని ఫ్రెండుగా కావాలంటారు, మనం సరే అని నొక్కుతాం, అంతే అన్నాడు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, హామీ సంతకం ఎవరు పెడతారని అడిగాడు. సభ్యత్వం కావాలని వచ్చినవాడికి ఊళ్ళో ఒక బాధ్యత గల వ్యక్తి పూచీ ఉండాలి కదా, లేకపోతే రేపు వీడు ఊరొదిలి పోతే ఎవర్ని పట్టుకోవాలి? రోహన్ నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. వేదిక మీదున్న జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి విశ్వంభరరావు గారు కండువా సర్దుకుని లేచారు.

"మిత్రత్వము అనునది సభ్యత్వముతో సమానము. సభ్యత్వమునకు హామీదారు కావలెను. కనుక మిత్రత్వమునకు సైతము హామీదారు కావలెను. ఇందు చర్చకు తావు లేదు," అన్నారు.

తరవాత లైకు. ఇచ్చిన లైకును పాఠకుడు ఎన్నాళ్ళలో తిరిగి తీసుకురావాలని ఇంకొకాయన అడిగాడు. తిరిగి తేనక్కర్లేదని రోహన్ చెప్పాడు. హాలంతా కలవరపడింది. ఇచ్చింది తిరిగి రానక్కర్లేదన్న మాట గ్రంథాలయాల చరిత్రలోనే ఎవరూ విని ఉండలేదు. చివరకు కార్యదర్శి గారు లైకుకు పక్షం రోజుల గడువు నిర్ణయించి, ఒకసారి పొడిగింపుకు అవకాశం ఇచ్చాక గాని అందరి మనసులూ కుదుటపడలేదు. పెట్టిన పోస్టు తీసేయాలంటే చెదలు పట్టినట్టు కమిటీ ధ్రువీకరించాలని కూడా అప్పుడే తీర్మానించారు.

భోజనాలకు లేవబోతుండగా గవరమ్మ భయం భయంగా చెయ్యెత్తింది.

"ఇందులో ఎవరైనా చాలా రోజులు పలక్కపోతేనండి, వెళ్ళి చూసొచ్చేది ఎవరండి?"

"ఎవరూ వెళ్ళరాంటీ. పలక్కపోతే లేనట్టే," అన్నాడు రోహన్.

లేనట్టే అన్న మాట విన్నాక గవరమ్మకు కేరియరులో వంకాయ కూర సహించలేదు. ఆ మధ్యాహ్నం లోవకు మూడుసార్లు ఫోను చేసింది.

పాటిలంక పేజీ మంచిరోజు చూసి తెరిచారు. మొదటి పోస్టు ఏది పెట్టాలా అని భీమశంకరం గారు రెండు రోజులు ఆలోచించి, గ్రంథాలయానికి ముఖ్యమైన మాట ఏదో అదే పెట్టారు: "నిశ్శబ్దము పాటింపుడు." ఊరంతా చూసింది. ఊరంతా పాటించింది. ఒక్కరూ కిక్కురుమనలేదు.

వారం తిరక్కుండా స్పందన ఎందుకు శూన్యమో సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. పాఠకులు నిబంధనను అక్షరాలా పాటించారనీ, ఇంతటి క్రమశిక్షణ గతంలో ఎన్నడూ లేదనీ భీమశంకరం గారు జవాబు రాశారు. ఇకమీదట నిశ్శబ్దమే క్రమశిక్షణా రాహిత్యమని ఇంకో మెమో వచ్చింది. గోడ మీది పాత బోర్డు దింపి "స్పందింపుడు" అని కొత్తది కట్టారు. నూకరాజు గారు దాన్ని వేలు పెట్టుకుని చదివి, ఎవరికి స్పందించాలో తెలియక మళ్ళీ పేపరు చదువుకున్నారు.

మార్చి దగ్గర పడుతోంది. ఫ్రెండు కావాలన్నవాళ్ళ హామీ సంతకాల కోసం భీమశంకరం గారు ఊరంతా తిరుగుతున్నారు. పుస్తకాలు తిరిగివ్వనివాళ్ళకు పేజీలో గుర్తుచేసే పని గవరమ్మ మీద పడింది. "సదరు గ్రంథమును గడువు లోపల" అని మొదలయ్యే వాక్యం నమూనాగా ఇచ్చారు. ఆవిడ వేలికి ఆ అక్షరాలు లొంగలేదు. మాట్లాడితే ఫోను దానంతటదే రాసుకుంటుందని లోవ చెప్పి ఉంది. అందుకని ఫోను నోటి దగ్గర పెట్టుకుని, తనకు వచ్చినట్టు మాట్లాడింది:

"నాయనా ఏడుకొండలూ, కోళ్ళ పెంపకం పుస్తకం పట్టుకెళ్ళి మళ్ళీ ఇటు రాలేదు. ఒంట్లో ఎలా ఉంది? కోళ్ళకేమన్నా అయిందా? రేవు రోడ్డులో ఎవరో బండి మీంచి పడ్డారని విన్నాను, అది నువ్వు కాదు గదా? పుస్తకం సంగతి తరవాత. బతికుంటే ఒక్క మాట చెప్పు నాయనా."

అది ఏడుకొండలుకు ఒక్కడికే వెళ్ళాల్సింది. ఆవిడ ఇంకో చోట నొక్కడంతో ఊరందరికీ వెళ్ళింది.

గంటలో ఏడుకొండలు జవాబు పెట్టాడు, కోళ్ళతో దిగిన ఫొటోతో సహా. బండి మీంచి పడింది ఆయనేనని కింద వాళ్ళావిడ రాసింది, ఇంతకాలం ఆ దెబ్బ గోడ తగిలి అయిందని చెప్పాడట. ఆ కింద వదిన, ఆ కింద బావమరిది. సాయంత్రానికి ఊరంతా అక్కడే ఉంది. మర్నాడు, పుస్తకం తీసుకుని మర్చిపోయిన వాళ్ళందరికీ గవరమ్మ తలా ఒక మాట పంపింది. కుట్టుపని పుస్తకం తీసుకున్న ఆవిడకు మిషను సూది వేలిలో దిగిందేమోననీ, యోగాసనాల పుస్తకం తీసుకున్న ఆయన ముడిపడిపోయి విప్పుకోలేక ఇంట్లోనే ఉండిపోయారేమోననీ కంగారు పడింది. అందరూ పలికారు. పుస్తకాలు కూడా తెచ్చిచ్చారు, అయితే అది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అసలు పుస్తకమే తీసుకోనివాళ్ళు నాక్కూడా ఓ మాట రాయండి పిన్నీ అని అడగడం మొదలుపెట్టారు. ఎక్కడో లారీ ఆపుకుని పడుకున్న డ్రైవరొకడు, ఊరు కాని ఊళ్ళో గది తీసుకున్న కుర్రాడొకడు, నేను రెండు రోజులుగా కనబడలేదు, గమనించారా అని రాశారు. గవరమ్మ ఎవరినీ కాదనలేదు. ఎవరు కనబడకపోయినా నిజంగానే ఏదో అయిందని అనుకునే మనిషి కాబట్టి ఆవిడకు అది కష్టమూ కాలేదు. పాటిలంక పేజీ జిల్లాలో మొదటి స్థానానికి వెళ్ళింది.

కార్యదర్శి గారు జీపులో వచ్చారు. ఉద్యోగం పోయిందనే గవరమ్మ అనుకుంది. ఆయన కుర్చీలో కూర్చుని, పేజీ అంతా కింద దాకా జరిపి చూసి, గంభీరంగా తలెత్తారు.

"అమ్మా, నీవు పడుచున్నది కంగారు కాదు. అది ఈ శాఖ యొక్క స్థిరాస్తి," అన్నారు.

పది రోజుల్లో "ఆదుర్దా ఆధారిత పాఠక సంబంధముల పథకము" జిల్లా అంతటా అమలులోకి వచ్చింది. ప్రతి ఉద్యోగీ రోజూ నిర్ణీత సంఖ్యలో పాఠకుల గురించి ఆదుర్దా పడాలి. అందుకు శిక్షణ ఇచ్చే బాధ్యత గవరమ్మది. మళ్ళీ అదే మేడమీద హాలు, అదే మైకు. ఈసారి రోహన్ పక్కన నిలబడి ఫొటోలు తీశాడు.

ఎలా కంగారు పడాలో చెప్పమంటే గవరమ్మకు ఏం చెప్పాలో తెలియలేదు. మనిషి రాలేదనుకోండి, ఏమైందోనని అనిపిస్తుంది కదండి అంది. అందరూ రాసుకున్నారు. అనిపించకపోతే ఏం చేయాలని ఒకాయన అడిగాడు. అనిపించకపోవడమేమిటో ఆవిడకు అర్థం కాలేదు. పుస్తకాలకు అంకెలు వేసే విభాగంలో పనిచేసే ఆవిడ లేచి, రోగాలను వైద్యం పుస్తకాల అంకె ఆరువందల పది కింద పెట్టొచ్చు గాని, బస్సు కాలవలో పడటాన్ని రవాణా కింద పెట్టాలా, నీటిపారుదల కింద పెట్టాలా అని సందేహం వెలిబుచ్చింది. దానిమీద ఉపసంఘం వేశారు.

అసలు చిక్కు అధికారాల దగ్గర వచ్చింది. అటెండరు స్థాయి మనిషి ఏకంగా బతికున్నావా అని అడగడం కార్యదర్శి గారికి మొదటి నుంచీ మింగుడు పడటం లేదు. అంత పెద్ద అనుమానం కింది స్థాయిలో పడితే పై స్థాయిలో పడటానికి ఏం మిగులుతుంది? అందుచేత అధికారాలు విభజిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. జలుబు, తలనొప్పి వంటివి అటెండర్లు అనుమానించవచ్చు. జ్వరం వరకు శాఖా లైబ్రేరియన్‌కు అనుమతి ఉంది. ఆస్పత్రి అయితే పై గ్రేడు వాళ్ళు. అంతకు మించిన అనుమానం ఏదైనా కార్యదర్శి గారే స్వయంగా పడాలి. గవరమ్మ ఇకమీదట జలుబు దాటకూడదని భీమశంకరం గారు ఆవిడకు నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది.

మధ్యలో ఒక పాఠకురాలి అత్తగారిని నిజంగానే ఆస్పత్రిలో చేర్చారు. ఆ సంగతి పేజీలో ఆమె రాసింది. భీమశంకరం గారు తన పరిధి మించిన విషయమని రాసి, ఆదుర్దాకు అనుమతి కోరుతూ పైకి పంపారు. అనుమతి వచ్చేసరికి ఆ అత్తగారు ఇంటికొచ్చి, తలంటు పోసుకుని, కోడలితో దెబ్బలాడి పుట్టింటికి వెళ్ళిపోయింది. అయినా మంజూరైన ఆదుర్దాను వాడకుండా వదిలేస్తే వచ్చే ఏడాది కోత పడుతుంది కనుక ఆయన దాన్ని ఎలాగో పడ్డారు.

పథకం ఇంత బాగా నడుస్తున్నా ఒక్క లోటు మిగిలింది. గ్రంథాలయానికి వచ్చే పాఠకులు. వాళ్ళు రోజూ కళ్ళెదుటే ఉంటారు కనుక వాళ్ళ గురించి ఆదుర్దా పడటానికి వీల్లేదు. తనిఖీకి వచ్చిన కార్యదర్శి గారు పేపరు బల్ల ముందు నిలబడి ఈ లోటును స్వయంగా చూశారు. మీకు ఫోను ఉందా అని నూకరాజు గారిని అడిగారు. లేదన్నారాయన.

"తాము ఇచ్చట ఆసీనులై ఉన్నంతసేపు తమను గూర్చి కంగారు పడుట సాంకేతికముగా అసాధ్యము. దయచేసి ఇంటికి వెళ్ళి సహకరించవలెను," అన్నారు కార్యదర్శి గారు.

నూకరాజు గారికి అందులో సగమే అర్థమైంది. వెళ్ళమంటున్నారన్న సగం. పేపరు మడతల మీద మడిచి, కళ్ళజోడు జేబులో పెట్టుకుని, గవరమ్మ వైపు ఒకసారి చూసి మెట్లు దిగారు. ఆ రోజు నుంచి ముందు తలుపులకు తాళం పడింది. సిబ్బందికి పక్క తలుపు. చదువుకునే హాలులో బల్లలు కలిపి వేసి, వాటి మీద ఫోన్లు చార్జింగు పెట్టారు. బయట "ఆదుర్దా వేళలు ఉదయం పది నుండి అయిదు వరకు, పాఠకులకు ప్రవేశము లేదు" అని రాసి కట్టారు.

ముందు తలుపు తాళంచెవి మాత్రం గవరమ్మ బొడ్లోనే ఉండిపోయింది. తీసుకోవాలని ఎవరికీ తోచలేదు.

మొదట్లో నూకరాజు గారు వచ్చి ఆ మెట్టు మీదే కాసేపు కూర్చుని వెళ్ళేవారు. ఏమీ అడిగేవారు కాదు. తరవాత రావడం మానేశారు. గవరమ్మకు ఇక ఏ పనీ చేతికి రాలేదు. ఎక్కడో లారీ డ్రైవరు జలుబు గురించి ఫోనులో మాట్లాడుతూనే, ఈయన నూతి దగ్గర జారి పడ్డారేమోననీ, పొయ్యి ఆర్పకుండా నిద్రపోయారేమోననీ, పాము సంగతేమిటోననీ పైకే అనుకుంటోంది. ఫోను అది కూడా రాసేసుకుంది. నా లారీలో పామా అని ఆ డ్రైవరు హడలిపోయి దిగిపోయాడట.

ఒకసారి వెళ్ళి చూసొస్తానండి అని భీమశంకరం గారిని అడిగింది. ఆయన బాధగానే చెప్పారు. నూకరాజు గారికి పేజీ లేదు కనుక ఆయన గురించి ఆదుర్దా నమోదు కాదు. ఇంటికి వెళ్ళి చూడటం భౌతిక ఆదుర్దా కిందికి వస్తుంది, పనివేళల్లో అది నిషిద్ధం. పనివేళలు అయ్యాక వెళ్తానంది. మార్చి నెలకు పనివేళలను రాత్రి దాకా పొడిగిస్తూ ఉత్తర్వు వచ్చిందన్నారు. పైగా పాటిలంకను విలీనం నుంచి తప్పించే ఫైలు కార్యదర్శి గారి బల్ల మీద ఉంది. ఈ వారం సీటు వదిలితే అంతే సంగతులు. గవరమ్మ లోవను తలచుకుని సీట్లో కూర్చుంది. ఆ పూట ఫోనులో లోవ అడిగింది, అమ్మా తిన్నావా అని. "ఊ" అంది గవరమ్మ.

చివరి వారంలో కార్యదర్శి గారు, రోహనూ వచ్చారు. రాజధానిలో పెద్దలంతా చూస్తుండగా "ప్రత్యక్ష ఆదుర్దా" కార్యక్రమం. గవరమ్మ మెడలో దండ వేసి, "స్పందింపుడు" బోర్డు కింద కుర్చీలో కూర్చోబెట్టారు. రోహన్ ఫోను కర్రకు బిగించి ఎదురుగా పట్టుకున్నాడు. పేర్లు ఒకదాని తరవాత ఒకటి అందిస్తారు, ఆవిడ కంగారు పడాలి. ఒక్క గంట. కార్యదర్శి గారు ఆవిడ దగ్గరకు వంగి, ఈ గంట సజావుగా గడిస్తే పాటిలంక జోలికి ఎవరూ రారనీ, గడవకపోతే రేపే పుస్తకాలు బస్తాలకెత్తుతారనీ చెప్పారు. ఈసారి మామూలు మాటల్లోనే చెప్పారు.

లైవు మొదలైంది. చూసేవాళ్ళ అంకె పెరుగుతోంది. మొదటి పేరు అందించారు. గవరమ్మ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. రెండో పేరు అందించారు.

"సరంగు గారు రావట్లేదండి," అంది గవరమ్మ.

ఆ పేరు మనకు ఇవ్వలేదని కార్యదర్శి గారు పెదవులు కదలకుండా అన్నారు. ఆయనకు పేజీ లేదని భీమశంకరం గారు గుర్తుచేశారు. గవరమ్మ దండ తీసి ఫోన్ల మధ్య పెట్టి, పక్క తలుపులోంచి బయటికి నడిచింది. అంకె ఒక్కసారిగా ఎగబాకడం చూసి రోహన్ కర్రతో సహా వెంటపడ్డాడు. చూస్తున్న పెద్దల కళ్ళ ముందు ఖాళీ కుర్చీ పక్కన తామొక్కరే మిగిలిపోతారని గ్రహించి కార్యదర్శి గారు ఆ వెనక. గొడుగుతో భీమశంకరం గారు ఆ వెనక.

కాలవగట్టు మీద నడుస్తున్నంతసేపూ గవరమ్మ నోరు ఊరుకోలేదు. నూతి చుట్టూ ఉన్న పళ్ళెం నాచు పట్టి ఉంటుందనీ, ఆయనకు మోకాలు నొప్పనీ, కేకేస్తే వినబడే దూరంలో ఎవరూ లేరనీ చెబుతూనే ఉంది, ఎవరికి చెబుతోందో ఆవిడకే తెలియదు. దారిలో ఏడుకొండలు కలిశాడు, వాళ్ళావిడ కలిసింది. ఆస్పత్రి నుంచి వచ్చి పుట్టింటికి పోయిన అత్తగారు కూడా తిరిగొచ్చినట్టుంది, ఆవిడా కలిసింది. నూకరాజు గారింటికి చేరేసరికి చిన్న ఊరేగింపంత ఉన్నారు.

తలుపు వేసి ఉంది.

"బాబాయ్ గారూ," అని పిలిచింది. పలుకు లేదు. తలుపు తట్టింది. మళ్ళీ పిలిచింది. లోపల ఏ అలికిడీ లేదు. గవరమ్మ వెనక్కి తిరిగింది.

"నా మనసు చెబుతూనే ఉందండి. ఆయన ఇక..."

కార్యదర్శి గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆ అనుమానం తమ స్థాయిది. అయితే పై పెద్దలు ప్రత్యక్షంగా చూస్తున్నప్పుడు అది వారి స్థాయికి పోతుందా, తమ దగ్గరే ఉంటుందా అన్నది ఉత్తర్వులో స్పష్టంగా లేదని అన్నారు.

"ప్రస్తుతానికి జ్వరం అనుకుందాం గవరమ్మా. జ్వరం వరకు నాకు అనుమతి ఉంది," అన్నారు భీమశంకరం గారు మెల్లగా.

గవరమ్మ భుజంతో తలుపు తోయబోతుండగా ఇంటి పక్క సందులోంచి నూకరాజు గారు వచ్చారు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నారు, జేబులో కళ్ళజోడు ఉంది. పెరట్లో కూర్చుని, బజ్జీలు కట్టి ఇచ్చిన పేపరు ముక్క విప్పి చదువుకుంటున్నారట. ఆ నూనె కాగితం ఇంకా చేతిలోనే ఉంది. జ్వరం లేదు. కనీసం జలుబు కూడా లేదు. గవరమ్మ భయపడినవాటిలో ఎప్పట్లాగే ఒక్కటీ జరగలేదు. ఆవిడ గడప మీద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయన మీద కోపంగా చూసింది.

నూకరాజు గారు గుంపు మొత్తాన్ని ఒకసారి చూశారు. కర్రకున్న ఫోనును చూశారు, కార్యదర్శి గారి కండువాను చూశారు. ఇంత జనం ఇటు వచ్చారంటే అక్కడ ఎవరూ లేరని ఆయనకు తోచినట్టుంది. కళ్ళజోడు జేబులో ఉందో లేదో తడుముకుని చూసుకున్నారు. మిగతా వాళ్ళందరినీ వదిలేసి గవరమ్మనే అడిగారు.

"లైబ్రరీ తీశారా అమ్మాయ్?"

కార్యదర్శి గారు పై నుంచి ఏమైనా జవాబు వస్తుందేమోనని రోహన్ ఫోను వైపు చూశారు. రాజధానిలో పెద్దలు కూడా ఏమీ రాయలేదు. అంతసేపూ గలగలా కిందికి జారుతున్న మాటలూ, బొమ్మలూ ఆగిపోయాయి. ఎక్కడెక్కడో చూస్తున్న వేలమంది కూడా ఆ ప్రశ్న తమనే అడిగినట్టు ఊరుకున్నారు. భీమశంకరం గారు గొడుగు ముడిచారు. ఆ చప్పుడు అందరికీ వినబడింది. అలాంటి నిశ్శబ్దాన్ని పాటించమని ఏ బోర్డూ ఎన్నడూ అడగలేదు.

గవరమ్మకు లోవ హాస్టలు కళ్ళ ముందు కదిలింది. బస్తాలకెత్తిన పుస్తకాలు కదిలాయి. రేపు ఏమవుతుందో ఆవిడ మనసు వరసగా చెబుతూనే ఉంది, ఒకదాన్ని మించి ఒకటి. నూకరాజు గారు మాత్రం జవాబు వినబడేదాకా కదిలేటట్టు లేరు. గవరమ్మ గడప మీంచి లేచి, బొడ్లోంచి తాళంచెవి తీసి పిడికిట్లో పట్టుకుంది.

"తీశాను బాబాయ్ గారూ, రండి," అంది.